అమ్మతో లడఖ్ షామ్ లోయ నడక: డేరాలు వద్దు, ఊళ్ళో ఇళ్ళలో బస కావాలి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

ఓరుగల్లు_అమ్మాయి
మార్చి 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మకు 57 ఏళ్ళు, హన్మకొండలో ప్రభుత్వ బడిలో టీచర్. మంచు కొండలు దగ్గర్నుంచి చూడాలని ఎన్నేళ్ళుగానో అంటోంది. పోయినేడు బస్సు యాత్రకు టికెట్లు తీస్తానంటే వద్దంది. "కిటికీలోంచి చూసేది నాకెందుకే, నడుచుకుంటూ చూడాలి" అంది. నడవగలదు. రెండేళ్ళ కింద అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కింది, మధ్యలో నాలుగైదు సార్లు కూర్చుంది అంతే. దిగేటప్పుడే మోకాళ్ళు నొప్పి పెడతాయి.

డేరాలో పడుకోవడం మాత్రం తన వల్ల కాదు. వెతికితే లడఖ్‌లో షామ్ లోయ నడక కనబడింది. మూడు రోజులు, రోజుకో ఊరు, ఊళ్ళో వాళ్ళ ఇంట్లోనే భోజనం, పడక. అమ్మకు చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

ఇద్దరం ఆడవాళ్ళమే. నాకు 29. మా బడులు జూన్ 12న తెరుస్తారు, ఆలోపు వచ్చేయాలి. శాకాహారులం. అమ్మకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది, అదుపులోనే ఉంది. ఈ వయసులో అంత ఎత్తుకు తీసుకెళ్ళడం సరైనదేనా? గైడ్ తప్పనిసరా? మరుగుదొడ్ల సంగతేంటి? మొహమాటం లేకుండా చెప్పండి, నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

బాటసారి_విశాఖ
మార్చి 9, రాత్రి 10:40

స్వాగతం అండి. నేను ఆ దారిలో రెండుసార్లు నడిచాను, ఒకసారి మా అత్తగారితో. ఆవిడకు అప్పుడు 61. కాబట్టి వయసు గురించి భయపడకండి.

దారి ఇలా ఉంటుంది. లేహ్ నుంచి కారులో రెండు గంటల లోపే లికిర్ చేరతారు. అక్కడ ఆశ్రమం పక్కన 75 అడుగుల మైత్రేయ బుద్ధుడు కొండలకు ఎదురుగా కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి నడక మొదలు. మొదటి రోజు రెండు చిన్న కనుమలు దాటి యాంగ్‌థాంగ్ చేరాలి, నిదానంగా నడిస్తే ఐదు గంటలు. రెండో రోజు త్సెర్మాంగ్‌చెన్ లా దాటి హెమిస్ షుక్‌పచన్, మూడు నాలుగు గంటలు. మూడో రోజు మెబ్‌తక్ లా దాటి ఆంగ్ మీదుగా తెమిస్‌గామ్. "లా" అంటే వాళ్ళ భాషలో కనుమ అనే, అందుకే ప్రతి పేరు చివరా వస్తుంది. ఈ నడకలో ఎక్కడా 4,000 మీటర్లు దాటరు.

దూరం కన్నా ఎండ కష్టపెడుతుంది. చెట్టు నీడ అనేది ఊళ్ళోనే, ఊరు దాటితే మట్టి కొండలు, రాళ్ళు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. పొద్దున్నే ఏడు లోపు బయల్దేరితే ఒంటి గంటకల్లా తర్వాతి ఊళ్ళో టీ తాగుతుంటారు. ఊరు కనబడే క్షణం కోసమే నేను రెండోసారి వెళ్ళాను. నాలుగు గంటలు బూడిదరంగు కొండలు చూసి చూసి, ఒక్క మలుపు తిరగ్గానే కింద పచ్చగా బార్లీ చేలు, తెల్ల సున్నం ఇళ్ళు, వరసగా పాప్లర్ చెట్లు. మా అత్తగారు అక్కడే రాయి మీద కూర్చుండిపోయారు, పావుగంట మాట్లాడలేదు.

మోకాళ్ళకు: రెండు చేతికర్రలు కొనండి. ఒకటి కాదు, రెండు. మెబ్‌తక్ లా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, దిగుడులో కర్రలు లేకపోతే బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది. సామాన్లకు గుర్రం మాట్లాడుకోవచ్చు, అమ్మగారి వీపు మీద నీళ్ళ సీసా తప్ప ఏమీ పెట్టకండి.

డాక్టర్_కర్నూలు
మార్చి 10, ఉదయం 6:55

ఒక మాట ముందే చెప్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నడిచే ఓపిక వేరు, ఎత్తుకు తట్టుకోవడం వేరు. అలిపిరి మెట్లు ఎక్కిన మనిషికి లేహ్‌లో తల పగిలిపోవచ్చు, ఎప్పుడూ నడవని మనిషికి ఏమీ కాకపోవచ్చు. అది ఎవరికి వస్తుందో ముందు తెలీదు.

లేహ్ ఊరు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. పీల్చే ప్రతి ఊపిరిలో మనకు ఇక్కడ దొరికే ఆక్సిజన్‌లో సుమారు మూడింట రెండొంతులే అందుతుంది. విమానంలో ఢిల్లీ నుంచి గంటన్నర లోపు అక్కడ దిగుతారు, శరీరానికి సర్దుకునే వ్యవధే ఉండదు. అందుకని మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. అంటే బజారు కూడా కాదు. గదిలో పడుకోండి, మెల్లగా అటూ ఇటూ తిరగండి, నీళ్ళు తాగండి, నిద్రమాత్ర వేసుకోకండి.

ఇంకో మంచి పద్ధతి ఉంది. దిగిన రోజే లేహ్‌లో ఉండకుండా ఆల్చీకి వెళ్ళిపోవడం. అది సుమారు 3,100 మీటర్లే, మీ నడక మొదలయ్యే వైపే ఉంది. పడుకునే ఎత్తు తగ్గడం చాలా మేలు చేస్తుంది. సమయం ఉంటే శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా రోడ్డు మార్గం ఇంకా నయం. మధ్యలో 4,108 మీటర్ల ఫోటు లా వస్తుంది కానీ అది దాటి దిగిపోతారు, అక్కడ పడుకోరు.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం: ఇవి వస్తే ఇంకా పైకి వెళ్ళకూడదు, ఉన్నచోటే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, ఆగని దగ్గు, నడుస్తుంటే తూలడం, మాట తడబడటం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా అర్ధరాత్రయినా సరే కిందికి దింపాలి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒక గీత మీద ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. నడవలేకపోతే అది అలసట కాదు.

ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి అమ్మగారిని చూసే డాక్టర్‌నే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది ఇచ్చే ముందు ఆలోచించాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఎక్కువసార్లు బాత్రూమ్‌కు వెళ్ళాల్సి వస్తుంది. బీపీ మాత్రలో నీళ్ళు పోయే మందు కలిసి ఉందేమో కూడా ఆయన చూస్తారు. ఇక్కడ నేను డోసు రాయను, ఆమెను చూడలేదు కాబట్టి.

మంజీర_తీరం
మార్చి 10, ఉదయం 11:20

డాక్టర్ గారు చెప్పిన ప్రతి అక్షరం నిజం. మా తమ్ముడి విషయంలో నేను కళ్ళారా చూశాను.

ఒక ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో వెళ్ళాం. ఐదు రాత్రుల్లో అన్నీ చూపిస్తామన్నారు. దిగిన మర్నాడే పొద్దున్నే కారెక్కించి ఖర్దుంగ్ లాకు తీసుకెళ్ళారు. అది 5,359 మీటర్లు. వాడికి రాత్రి నుంచే తలనొప్పిగా ఉంది, చెప్తే "అందరికీ ఉంటుంది సార్, టీ తాగండి" అన్నారు. పైన వాంతులు, తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. లేహ్ ఆస్పత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. వాడికి 26 ఏళ్ళు, రోజూ జిమ్‌కు వెళ్ళే కుర్రాడు.

అప్పట్నుంచి నేను ఎవరికైనా ఒకటే చెప్తాను. ప్యాకేజీ కాగితంలో మొదటి రెండు రోజులు ఖాళీగా ఉన్నాయా లేదా చూడండి. లేకపోతే వాళ్ళతో మాట్లాడటమే దండగ.

గోదారి_గట్టు
మార్చి 10, మధ్యాహ్నం 2:05

నా అభిప్రాయం కొంచెం వేరు. షామ్ దారిలో ఇప్పుడు ప్రతి ఊరికీ రోడ్డు పడింది. కొన్నిచోట్ల మీరు కాలిబాట మీద నడుస్తుంటే పక్కనే కారు దుమ్ము లేపుకుంటూ పోతుంది. రోడ్డున్న ఊరికి నడిచి వెళ్ళడం ఎందుకు? రుంబక్ వెళ్ళండి. జింగ్‌చెన్ దాకా కారు, అక్కడి నుంచి వాగు వెంబడి మూడు గంటల నడక. హెమిస్ నేషనల్ పార్కులో ఉంటుంది ఆ ఊరు.

ఇంటి బసలకు పేరొచ్చిందే అక్కడి నుంచి. మంచు చిరుతలు కొట్టాల్లో దూరి గొర్రెల్ని చంపేస్తుంటే, ఊరివాళ్ళు కోపంతో వాటిని చంపేవాళ్ళు. రించెన్ వాంగ్‌చుక్ గారు స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ తరఫున ఊళ్ళకు వెళ్ళి, చిరుత బతికుంటేనే చూడటానికి జనం వస్తారు, వచ్చినవాళ్ళు మీ ఇంట్లోనే ఉంటారు, ఆ డబ్బు మీదే అని నచ్చజెప్పారు. కొట్టాలకు పైన ఇనుప వల కప్పించారు. ఆయన 2011లో పోయారు. ఇప్పుడు అదే ఊళ్ళో కుర్రాళ్ళు దుర్భిణి పట్టుకుని చిరుతను వెతికి చూపిస్తున్నారు. మనం ఇచ్చే డబ్బు ఎక్కడికి వెళ్తుందో తెలిసిన చోట ఉండటం నాకు ముఖ్యం.

బాటసారి_విశాఖ
మార్చి 10, సాయంత్రం 6:30

గోదారి గారూ, రుంబక్ నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ వెళ్ళేది 57 ఏళ్ళ అమ్మగారు, అదీ మొదటిసారి. రుంబక్ ఊరు షామ్ ఊళ్ళకన్నా ఎత్తు, జూన్‌లో వాగు నీళ్ళు మధ్యాహ్నానికి పెరుగుతాయి, చల్లటి నీళ్ళలో దిగి దాటాలి. రాత్రి ఆవిడకు బాగోకపోతే కారు దాకా చీకట్లో నడిపించాలి. షామ్‌లో రోడ్డు పక్కనే ఉండటం మీకు లోపంగా కనబడుతోంది, నాకు అదే ఈ నడకలో ఉన్న ధైర్యం. ఏ ఊళ్ళోనైనా ఫోన్ చేస్తే కారు వస్తుంది.

దుమ్ము మాట నిజమే, కాదనను. గైడ్‌కు పాత కాలిబాట తెలిస్తే చాలావరకు రోడ్డుకు దూరంగానే నడిపిస్తాడు.

గోదారి_గట్టు
మార్చి 10, సాయంత్రం 7:02

అత్యవసరంలో కారు అందే విషయం నేను ఆలోచించలేదు. అమ్మగారికి షామే సరైనది. రుంబక్ మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు.

ఒంటరి_చక్రం
మార్చి 10, రాత్రి 11:48

గైడ్ ఖర్చు ఎందుకండీ? ఫోన్‌లో మ్యాప్ వేసుకుంటే మూడు రోజులు హాయిగా నడవొచ్చు. నేను ఒక్కడినే వెళ్ళాను.

ఇద్దరు_పిల్లల_తల్లి
మార్చి 11, ఉదయం 8:15

దారి చూపించడానికే గైడ్ అనుకుంటే మీరన్నది సరే. మేము వెళ్ళినప్పుడు గైడ్ చేసింది వేరు. ఊళ్ళో ఏ ఇంట్లో దిగాలో మనం ఎంచుకోం, వంతు ప్రకారం వస్తుంది. ఈ రోజు వంతు ఎవరిదో గైడ్‌కు తెలుసు. ఆ ఇంటామెకు హిందీ రాదు, నాకు లడఖీ రాదు. మధ్యలో ఆ అమ్మాయి లేకపోతే మేము "జూలే" అనుకుని నవ్వుకోవడమే తప్ప ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అవును, మా గైడ్ అమ్మాయే. లడఖీ ఉమెన్స్ ట్రావెల్ కంపెనీ అని 2009లో థిన్లాస్ చోరోల్ అనే ఆవిడ మొదలుపెట్టారు, గైడ్లందరూ ఆడవాళ్ళే. తల్లీకూతుళ్ళు వెళ్తున్నారు కాబట్టి ఒకసారి అడిగి చూడండి.

ఇక మరుగుదొడ్డి. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు, నేను చెప్తాను. పై అంతస్తులో ఒక చిన్న గది, నేలలో పొడవాటి రంధ్రం, మూలన మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు పారల మట్టి తోస్తే అయిపోయింది. కింద గదిలో ఏడాదంతా ఎరువై, వసంతంలో పొలానికి వెళ్తుంది. వాసన దాదాపు ఉండదు, నేను నమ్మలేదు, కానీ నిజంగా ఉండదు. అందులో నీళ్ళు పోయకూడదు. కడుక్కోవడానికి కొంచెం నీళ్ళు పర్వాలేదా అని ఇంటామెనే అడగండి, కొన్ని ఇళ్ళలో పక్కన వేరే చోటు చూపిస్తారు. తడి టిష్యూలు, ప్యాడ్లు అస్సలు వేయకూడదు, అవి వాళ్ళ బార్లీ చేలో తేలతాయి. నేను ఒక గట్టి జిప్ సంచి తీసుకెళ్ళి, అన్నీ అందులో వేసి లేహ్ దాకా మోసుకొచ్చాను. మోకాళ్ళ నొప్పి ఉంటే గొంతుక్కూర్చోవడం కష్టం, అమ్మగారికి అది ముందే చెప్పండి.

పడక: నేల మీద మెత్తటి పరుపు, బరువైన రగ్గులు. గది విడిగా ఇస్తారు. స్నానం మూడు రోజులూ మర్చిపోండి, బకెట్ వేడి నీళ్ళకు వాళ్ళు కట్టెలు కాల్చాలి.

సీమ_బిడ్డ
మార్చి 11, మధ్యాహ్నం 1:10

తిండి గురించి నేను చెప్తా. శాకాహారులకు ఏ ఇబ్బందీ లేదు, ముందు చెప్తే చాలు. రాత్రి స్క్యూ పెడతారు. గోధుమపిండిని బొటనవేలితో నొక్కి చిన్న చిప్పల్లా చేసి, కూరగాయలతో చిక్కగా ఉడికిస్తారు. పొద్దున ఖంబీర్ అనే మందపాటి రొట్టె, వాళ్ళ ఇంటి ఆప్రికాట్ జామ్. దారికి మధ్యాహ్నం మూట కట్టిస్తారు.

నాకు కళ్ళలో నీళ్ళొచ్చింది మాత్రం పాబా తిన్నప్పుడు. బార్లీ, బఠాణీ పిండి కలిపి ఉడికించి, గరిటెతో మెదిపి ముద్ద చేస్తారు. మధ్యలో గుంట పెట్టి, పెరుగులో ఆకుకూర వేసిన తంగ్‌తుర్‌తో తింటారు. అచ్చం మా సంగటే. ముద్ద తుంచి, వేలితో గుంట చేసి, ముంచుకుని తింటుంటే ఆ ఇంటి పెద్దావిడ మా గైడ్‌తో ఏదో అంది. "వీడికి ఎవరు నేర్పారు?" అందట. మా అవ్వ అని చెప్పించాను.

వెన్న టీ ఉప్పగా ఉంటుంది. టీ అనుకుని తాగితే గొంతు దిగదు, రసం అనుకుని తాగండి. గిన్నె ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే నిండా ఉంచి వదిలేయండి.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్ళండి, కానీ వాళ్ళు వండింది పక్కన పెట్టి మీది తినకండి. పళ్ళెం మధ్యలో పెట్టి వాళ్ళకూ వడ్డించండి.

మాస్టారు_ఇందూరు
మార్చి 12, ఉదయం 5:40

అమ్మా, మీ అమ్మగారు టీచర్ అన్నారు కాబట్టి ఆవిడకు ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను. నేను చరిత్ర చెప్పినవాడిని.

లేహ్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 10 సెంటీమీటర్ల వానే. ఆ చేలన్నీ కరిగిన మంచు నీళ్ళతోనే పండుతాయి. కాలువ నీళ్ళు ఏ చేనుకు ఎంతసేపు పారాలో చూడటానికి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టుకుంటారు. అతన్ని చుర్‌పోన్ అంటారు. మన ఊళ్ళల్లో చెరువు తూము కాడ నీరటి ఉండేవాడు గుర్తుందా, అదే పని. మా నాన్న కాలంలో నీరటికి పంటలో వాటా ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మన దగ్గర ఆ మాటే పోయింది, అక్కడ మనిషి ఇంకా ఉన్నాడు. కనబడితే అమ్మగారిని పలకరించమనండి.

నడక ముగిసే తెమిస్‌గామ్ ఒకప్పుడు దిగువ లడఖ్ రాజుల రాజధాని. లడఖ్‌కూ టిబెట్‌కూ 1684లో సంధి జరిగింది అక్కడే. ఊరి పైన గుట్ట మీద పాత కోట, గుడి ఉన్నాయి. నడక అయిపోయిందని వెంటనే కారెక్కేయకండి.

ఇంకొకటి, హెమిస్ అంటే అందరూ పెద్ద ఉత్సవం జరిగే ఆశ్రమం అనుకుంటారు. అది లేహ్‌కు అటు వైపు. మీరు వెళ్ళే హెమిస్ షుక్‌పచన్ వేరు. షుక్‌పా అంటే జునిపర్ చెట్టు. ఊరి పక్కన వాటి తోపు ఉంది, పవిత్రంగా చూస్తారు, కొమ్మ తుంచకూడదు.

ఓరుగల్లు_అమ్మాయి
మార్చి 12, రాత్రి 9:30

ఇన్ని వివరాలు ఎవరు చెప్తారండీ! అమ్మకు అన్నీ చదివి వినిపించాను. నీరటి దగ్గర ఆపించి మళ్ళీ చదివించుకుంది. పాత నోట్‌బుక్ తీసి రాసుకుంటోంది.

మిగిలినవి రెండే. ఫోన్ పనిచేస్తుందా? డబ్బు ఎంత చేతిలో ఉంచుకోవాలి?

బాటసారి_విశాఖ
మార్చి 12, రాత్రి 10:05

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకుని వెళ్ళండి. మాకు 2023లో మనిషికి రాత్రికి 1500 పడింది, రాత్రి భోజనం, టిఫిన్, దారి మూట కలిపి. ఊరంతా ఒకే రేటు, బేరం ఉండదు. నేరుగా ఇంటామె చేతికే ఇవ్వండి. నోట్లు లేహ్‌లోనే తీసుకోండి.

తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి. గాలి, మబ్బు వల్ల లేహ్ విమానాలు రద్దవుతుంటాయి.

డాక్టర్_కర్నూలు
మార్చి 12, రాత్రి 10:31

నడక మధ్యలో కూడా ఒక రోజు ఖాళీ ఉంచండి. వాడకపోతే హెమిస్ షుక్‌పచన్‌లో తోపు కింద కూర్చోవచ్చు.

ఓరుగల్లు_అమ్మాయి
ఏప్రిల్ 6, సాయంత్రం 5:15

టికెట్లు అయ్యాయి. మే 29న దిగుతాం, నేరుగా ఆల్చీ, అక్కడ రెండు రాత్రులు. డాక్టర్ అమ్మను చూశారు, బీపీ మాత్ర మార్చారు. రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద ఇద్దరం నడుస్తున్నాం. గైడ్ అమ్మాయే దొరికింది.

ఓరుగల్లు_అమ్మాయి
జూన్ 14, మధ్యాహ్నం 3:20

వచ్చేశాం. బడి తెరిచాక గానీ రాయడానికి కుదరలేదు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి.

ఆల్చీలో రెండు రోజులూ ఏమీ చేయలేదు. రెండో సాయంత్రం మాత్రం గుడిలో గోడల మీది బొమ్మలు చూసొచ్చాం. చిన్న బల్బు వెలుగులో ఒక్కో బొమ్మనూ అమ్మ అంతసేపు నిలబడి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి రోజు బాగా నడిచింది. యాంగ్‌థాంగ్ చేరాక వంటింట్లో కూర్చోబెట్టారు. గోడ నిండా అరల్లో ఇత్తడి, రాగి గిన్నెలు వరసగా తళతళలాడుతున్నాయి, మధ్యలో పొయ్యి. అమ్మ ఒక్కో గిన్నె చూపించి ఇది దేనికి, ఇది దేనికి అని అడిగింది. అంతా బాగుంది అనుకున్నాం. రాత్రి రెండింటికి తలనొప్పితో లేచింది. ఒకసారి వాంతి అయింది. నా గుండె ఆగినంత పనైంది.

ఈ చర్చ అంతా అప్పుడు కళ్ళ ముందు కదిలింది. గైడ్‌ను లేపాను. తను అమ్మను గీత మీద నడిపించింది, తూలలేదు. ఆయాసం లేదు, దగ్గు లేదు. "రేపు నడక లేదు, తగ్గితే ఎల్లుండి, తగ్గకపోతే పొద్దున్నే కారు" అంది. ఆ మాట నేను చెప్పకముందే తను చెప్పింది. మర్నాడు అక్కడే ఉన్నాం. ఆ రోజు వేరేవాళ్ళు రావాల్సి ఉంది, ఇంటామె వాళ్ళను వాళ్ళ అక్క ఇంటికి పంపి మా గది మాకే ఉంచింది. అల్లం వేసి వేడి నీళ్ళు, థుక్పా అనే పల్చటి నూడుల్స్ సూపు తెచ్చిపెట్టింది. సాయంత్రానికి తలనొప్పి పోయింది, ఆకలేస్తోంది అంది అమ్మ. డాక్టర్ గారూ, ఆ ఖాళీ రోజు మీరు రాయించినదే. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు.

మెబ్‌తక్ లా ఎక్కడానికి మాకు అందరికన్నా రెట్టింపు సమయం పట్టింది. పది అడుగులు, ఆగడం, పది అడుగులు. పైన రాళ్ళ కుప్ప, రంగు జెండాలు. గైడ్ గట్టిగా "కి కి సో సో ల్హర్‌గ్యాలో" అని అరిచింది, దేవతలకు జయం అని. అమ్మ కూడా అరిచింది. బడిలో పిల్లల్ని పిలిచే గొంతు అది.

ఒక సంగతి మాత్రం మాకు అర్థం కాలేదు. హెమిస్ షుక్‌పచన్‌లో మేమున్న ఇంట్లో ఒక ముసలి తాతగారున్నారు. మేమే-లే అని పిలుస్తారు. మాది ఏ ఊరు అని అడిగారు. వరంగల్ అంటే తెలీలేదు, హైదరాబాద్ అన్నా పెద్దగా పట్టించుకోలేదు. అమ్మ గాల్లో బొమ్మ గీసి కృష్ణా, గోదావరి అని చెప్పింది. ఆయన ఒక్కసారిగా "అమరావతి?" అన్నారు. లోపలికెళ్ళి ఒక పాత ఫోటో తెచ్చారు. నది గట్టు మీద ఆయన, పక్కన ఆయన భార్య, ఇద్దరూ గోంచా అనే వాళ్ళ పొడుగు అంగీ వేసుకుని నిలబడ్డారు. అమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పారు. గైడ్ బయట గుర్రాల దగ్గరుంది, తను వచ్చేసరికి తాతగారు జపం చేసే మణి చక్రం తిప్పుకుంటూ పడుకోవడానికి వెళ్ళిపోయారు. పొద్దున మేం లేచేసరికి చేనుకు వెళ్ళారు. ఆయనకు అమరావతి ఎలా తెలుసు?

మాస్టారు_ఇందూరు
జూన్ 14, సాయంత్రం 6:05

అమ్మా, 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే టిబెట్ బౌద్ధుల మహోత్సవం జరిపారు. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. ధాన్యకటకం అంటే మన అమరావతి పక్కనున్న ధరణికోట. టిబెట్‌లోని పెద్ద ఆశ్రమం డ్రెపుంగ్‌కు ఆ పేరు ధాన్యకటకం నుంచే వచ్చింది. ఆ ఉత్సవానికి లడఖ్ నుంచి కూడా ఎంతోమంది వచ్చారు. వాళ్ళకు మన నేల పుణ్యక్షేత్రం.

కృష్ణ_ఒడ్డున
జూన్ 14, రాత్రి 8:44

నేను ఈ చర్చలో ఇప్పటిదాకా రాయలేదు, చదువుతూ ఉన్నాను. మాది అమరావతే. 2006లో నేను ఇంటర్ చదువుతున్నాను.

ఊరంతా మెరూన్ బట్టలవాళ్ళే. ఉండటానికి చోటు చాలక ఇల్లిల్లూ తిరిగి అడిగేవాళ్ళు. మా ముందు గదిలో ఒక కుటుంబం పది రోజులు ఉంది, లడఖ్ వాళ్ళే. ముసలావిడకు తెలుగు రాదు, మా అమ్మకు హిందీ రాదు. రోజూ పొద్దున ఇద్దరూ పెరట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళు వాళ్ళ పొడి ఏదో టీలో కలిపి ముద్ద చేసి మాకు పెట్టారు, అమ్మ వాళ్ళకు గోంగూర వేసింది. వెళ్ళేటప్పుడు ఆవిడ ఎండిన ఆప్రికాట్లు చిన్న గుడ్డ సంచిలో కట్టిచ్చింది. ఆ పండు పేరు కూడా మాకు అప్పుడు తెలీదు.

మీ ఫోటోలో తాతగారి పక్కనున్నావిడ మెడలో పెద్ద నీలం రాళ్ళ హారం ఏమైనా ఉందా?

ఓరుగల్లు_అమ్మాయి
జూన్ 14, రాత్రి 9:10

ఆ ఫోటోను నేను ఫోన్‌లో తీసుకోలేదండి. హారం ఉందో లేదో నాకు గుర్తులేదు. అమ్మను అడిగితే ఉందంటోంది, కానీ అక్కడ పెద్దవాళ్ళు చాలామంది అలాంటివి వేసుకుంటారు కదా, ఖాయంగా చెప్పలేం.

గైడ్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టాను. వచ్చే వారం ఇంకొకళ్ళను తీసుకుని ఆ ఊరికే వెళ్తోందట. తాతగారిని అడిగి, ఫోటో తీసి పంపిస్తానంది. మీ అమ్మగారి ఫోటో ఒకటి ఉంటే నాకు పంపండి, గైడ్‌కు పంపిస్తాను, ఆయనకు చూపిస్తుంది.

కృష్ణ_ఒడ్డున
జూన్ 14, రాత్రి 9:26

పంపిస్తున్నాను. అమ్మ ఇప్పుడే చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. పెరట్లో ఆ పొయ్యి దగ్గరే తియ్యమంటోంది.